ముప్పై ఒకటో పేరు

మార్చి 3

అక్కకు,

ముందు విషయం, తర్వాత క్షేమసమాచారాలు. నేను ఉద్యోగం మానేస్తున్నాను. కాగితం ఇచ్చి నాలుగు రోజులైంది. ఈ నెల ముప్పై ఒకటి ఆఖరి రోజు.

ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ మన ఫోన్లు ఎలా ముగుస్తాయో తెలిసిందే. నువ్వు మధ్యలో పెట్టేస్తావు, నేను "హలో, హలో" అంటూ గోడతో మాట్లాడుతుంటాను. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు.

సూపరింటెండెంటుగారికి ఇచ్చిన కాగితంలో ఇలా రాశాను: "స్మారక గోడ దగ్గర పద్నాలుగేళ్ళుగా అమరులైన జవాన్ల పేర్లకు రంగు నింపే పని చేస్తున్నాను. పలకలు పదమూడు, పేర్లు ఆరువందల పన్నెండు. కింది వరుసలకు నేల మీద కూర్చుని పనిచేయాలి. మోకాళ్ళు సహకరించడం లేదు." ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి, "మీ మోకాళ్ళు నిన్న మెట్లెక్కుతుంటే బాగానే ఉన్నాయే" అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను.

మా వీధి చివర సైన్‌బోర్డుల వర్క్‌షాప్ ఉంది కదా, అక్కడ పని కుదిరింది. బల్ల మీద పని. కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది.

మన పొట్టోడి పేరున్న తొమ్మిదో పలకకు పోయిన నెలలోనే కొత్త రంగు పడింది. ఇక రెండేళ్ళదాకా దాని వంతు రాదు. ఆ దిగులు పెట్టుకోకు.

వంటింటి కుళాయి బాగైంది. ప్లంబరు మూడుసార్లు వచ్చాడు. మొదటి రెండుసార్లూ కుళాయిని చూసి వెళ్ళాడు. బావగారికి దగ్గు తగ్గిందా?

చెల్లి

మార్చి 11

చెల్లికి,

నీ ఉత్తరం చివరిదాకా చదివాను. రెండోసారి కూడా చదివాను. దిగులు పెట్టుకోవద్దట! ఎంత తేలిగ్గా రాశావే.

మోకాళ్ళ నొప్పులట. అలాంటి నొప్పులొచ్చే ఉద్యోగం నాకు దొరికితే పాకుతూ అయినా వెళ్ళేదాన్ని. నా కొడుకు పేరు ఎక్కడో రాతి మీద ఉంది. అక్కడికి రైల్లో రోజున్నర ప్రయాణం. ఏడాదికోసారి, స్మారక దినం నాడు వస్తాను. కుర్చీ వేస్తారు, బ్యాండు వాయిస్తారు, పది నిమిషాలు గోడ దగ్గరికి పంపిస్తారు. పొద్దు వాలకముందే మళ్ళీ స్టేషను. నీకేమో వాడి ఎదురుగా కూర్చుని చేసే పని. ఆ పనికి నీకు జీతం కూడా ఇస్తున్నారు. దాన్ని కాళ్ళతో తన్నుకుంటున్నావు, ఫ్యాను కోసం.

నేను ఏమీ మర్చిపోలేదు. మీ బావ వంతెనల పని మీద ఏడాదికో ఊరు మారుతుంటే, బడి పాడవుతుందని తొమ్మిదో ఏట వాణ్ణి నీ దగ్గర వదిలాను. పదిహేడో ఏట తిరిగొచ్చాడు. వచ్చిన రోజు రాత్రి అన్నం పెడితే, "పిన్ని ఇంత పెట్టదు" అన్నాడు. మర్నాడు తగ్గించి పెడితే, "పిన్ని అయితే అడిగి వడ్డిస్తుంది" అన్నాడు. ఏడాది తిరక్కుండా మిలిటరీకి వెళ్ళిపోయాడు. లెక్కేసుకో, పెద్దయ్యాక వాడు నాకెంత మిగిలాడో. పోయాక కూడా నీ దగ్గరికే వచ్చాడు. దానికీ నేను నోరెత్తలేదు. కనీసం మనవాళ్ళొకరు వాడి దగ్గరున్నారు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు అదీ లేదు.

కాగితం వెనక్కి తీసుకో. ఇంకా ఇరవై రోజులుంది.

ఇక్కడ బళ్ళు తెరిచే లోపు యూనిఫాం చొక్కాలు కుట్టివ్వాలి. కాజాలు కుట్టే మిషను పాడైంది, చేత్తో కుడుతున్నాను. మీ బావకి దగ్గు తగ్గింది. "ఈ ఉత్తరం ఈరోజు పోస్టు చేయకు, రేపు చేయి" అంటున్నాడు. అందుకే ఈరోజే చేస్తున్నాను.

అక్క

మార్చి 19

అక్కకు,

కాగితం వెనక్కి తీసుకోను.

ఎదురుగా కూర్చుని చేసే పని అన్నావు. ఆ కూర్చోవడం నేలమీద. నువ్వు కూర్చునేది కుర్చీలో, మొదటి వరుసలో, "తల్లి" అని చీటీ అంటించిన కుర్చీలో. స్మారక దినం నాడు నేనెక్కడుంటానో ఎప్పుడైనా చూశావా? తాడు అవతల. మా సిబ్బంది అందరికీ ఒక్కో పని ఇస్తారు. నాది నీళ్ళ సీసాలు పంచడం. ఏటా మొదటి వరుసకి నేనే పంచుతాను. నిరుడు నీ చేతికి సీసా ఇస్తే, తల తిప్పకుండా "థాంక్సండీ" అన్నావు.

అండీ!

తిరిగి వచ్చి స్టోర్‌రూంలో ఖాళీ అట్టపెట్టెలు సర్దుతూ కూర్చున్నాను. మైకులో వాడి పేరు చదివారు. "తల్లిగారు లేచి నిలబడాలి" అన్నారు. నువ్వు లేచావు. ఎనిమిదేళ్ళు వాడికి లెక్కలు చెప్పి, గవదబిళ్ళలొస్తే పక్కన కూర్చుని, ఆరడుగులు దాటాక కూడా "పొట్టోడా" అని పిలుస్తూ వచ్చిన మనిషిని లేవమనే మాట ఆ మైకులో లేదు. ఉండాలనీ కాదు. రూలు రూలే. కానీ నా మీద నీకున్న కడుపుమంటంతా రాశావు చూడు, దానికే నవ్వొచ్చింది. ఆ మంట ఒక్క ఇంట్లోనే ఉందనుకున్నావా?

వాడు నీకు మిగల్లేదు నిజమే. నాకు మాత్రం ఎప్పుడు మిగిలాడు? సెలవులకు పెట్టె సర్దుకుని "అమ్మ దగ్గరికి వెళ్తున్నా" అంటూ గెంతుతూ పోయేవాడు. నేను స్టేషనులో చేయి ఊపి ఇంటికొచ్చేదాన్ని.

ఉద్యోగం మానడానికి నాకు నా కారణం ఉంది. మోకాళ్ళు అని రాశాను, అదే అనుకో.

చెల్లి

ఏప్రిల్ 2

చెల్లికి,

నిన్న సాయంత్రం టీచరమ్మ ఫోన్ చేసింది. పోయినేడు కుర్చీల్లో నా పక్కన కూర్చుంది, ఆమె కొడుకు పేరు మన వాడి కిందనే, ముప్పై రెండోది. నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. ఎప్పుడూ ఫోన్ చేయని మనిషి, ఏదో పోగొట్టుకున్నట్టు మాట్లాడింది.

"మీ చెల్లెలిగారి ఉద్యోగం పోవడానికి నేనే కారణమేమోనండీ. నేను అడిగింది వేరు, జరిగింది వేరు" అంది.

"ఏం జరిగింది?" అన్నాను.

"మీకు తెలియదా? మీ అబ్బాయి పేరుకున్న రంగంతా ఆవిడ థిన్నర్‌తో తుడిచేశారట కదా. ఆవిడ మీ చెల్లెలని కూడా వాచ్‌మనే చెప్పాడు" అంది.

నేను కూర్చుండిపోయాను. కత్తెర చేతిలోనే ఉంది. మీ బావ వచ్చి దాన్ని తీసి పక్కన పెట్టాడు.

అయితే ఇదన్నమాట మోకాళ్ళ నొప్పి. నాతో ఎంత గొడవున్నా నాతోనే పడు. వాడి పేరేం చేసింది నిన్ను? "థాంక్సండీ" అన్నందుకా? రాతిలో చెక్కిన పేరు కదా, రంగు పోతే ఎవరికి తెలుస్తుందనుకున్నావా? తెల్లరాయిలో ఖాళీ గాడి దూరానికి కనిపించదు. అక్కడేమీ లేనట్టే ఉంటుంది. ఆ సంగతి పదేళ్ళ కిందట నువ్వే నాకు చెప్పావు.

వేరే విషయాలేమీ రాయకు. తుడిచావా, లేదా? అంతే రాయి.

అక్క

ఏప్రిల్ 10

అక్కకు,

తుడిచాను. ఫిబ్రవరి పద్నాలుగు పొద్దున్న, ఏడున్నరకి మొదలుపెట్టి తొమ్మిదింటికి అయింది. ఇప్పుడు మొత్తం రాస్తాను. మధ్యలో చింపేయకు.

రూలు నీకు తెలుసు, రెండేళ్ళకోసారి ఒక పలక. ఒక పలకలో నలభై ఎనిమిది పేర్లు. ఒకే డబ్బా రంగు, ఒకే బ్రష్షు. ఏ పేరూ పక్కదానికంటే ఎక్కువగా కనిపించకూడదు. అక్కడ జనరలుకూ జవానుకూ అక్షరం ఒకే ఎత్తు. నాకంటే ముందు పనిచేసిన పెద్దాయన నాకు నేర్పిన మొదటి పాఠం అదే.

వాడి పేరు వచ్చినప్పటినుంచీ నేను ఆ రూలు తప్పాను. ప్రతి నెలా మొదటి సోమవారం, గేటు తెరవకముందు వెళ్ళి, వాడి పేరు ఒక్కదానికీ కొత్తగా రంగు నింపేదాన్ని. ఇరవై నిమిషాల పని. తొమ్మిదేళ్ళలో ఒక్క నెలా తప్పలేదు. జ్వరమొచ్చినా వెళ్ళాను. ఎవరూ కనిపెట్టలేదు, కనిపెట్టరనే అనుకున్నాను.

జనవరి ఇరవైన టీచరమ్మగారు వచ్చారు. ఆ రోజు వాళ్ళబ్బాయి పోయిన రోజు. పోయిన తేదీన కుటుంబాన్ని గోడ ముందున్న గొలుసు దాటి పలక దాకా రానిస్తారు. తొమ్మిదో పలకకు అప్పటికి రంగు వేసి రెండేళ్ళు కావస్తోంది, బాగా వెలిసిపోయి ఉంది. ఆవిడ కొడుకు పేరు చూసుకున్నారు. పైపేరు చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. నేను మూడడుగుల దూరంలో పదో పలక తుడుస్తున్నాను.

"ఇదిగో అమ్మాయ్, ఇలా రా. ఇతనేమైనా పెద్ద ఆఫీసరా?" అన్నారు.

"జవానేనండీ" అన్నాను.

"మావాడూ జవానే. ఇతను పోయిన పదకొండు రోజులకి పోయాడు. ఇతనొక్కడికీ కొత్త బట్టలు కట్టి, మావాడికి పాతవి వదిలేసినట్టుందే. క్లాసులో నలభై ఎనిమిది మంది ఉంటే నేనెవరికీ ఎక్కువ మార్కులేయలేదు తెలుసా? మావాడేం తక్కువ చేశాడు?"

 ఆవిడ పలక మొత్తం వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. "నలభై ఏడు మంది మసక. ఒక్కడే నలుపు" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్లవాడికి మిఠాయి అందనప్పుడు తల్లి ఎలా నిలబడుతుందో అలా నిలబడ్డారు.

ఫిర్యాదు రాయలేదు ఆవిడ. నేనే వెళ్ళి సూపరింటెండెంటుగారికి చెప్పాను, వాడు నా అక్క కొడుకని కూడా. ఆయనకి అప్పటిదాకా తెలియదు. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. చివరికి, "తొమ్మిదో పలక వంతు ముందుకు జరుపుదాం. అందరిదీ మొదటినుంచి చేయండి. కానీ పాత పొరల మీద కొత్త రంగు వేస్తే అతనిది మళ్ళీ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ముందు దాన్ని తీసేయాలి" అన్నారు. వేరేవాళ్ళ చేత చేయిస్తానన్నారు. ఒద్దన్నాను.

నూట ఎనిమిది పొరలు అక్కా. దూది మీద దూది. చివరికి ఉత్త రాయి మిగిలింది. చేయి పెట్టి చూస్తే తప్ప అక్కడ పేరున్నట్టు తెలియలేదు. నాలుగు రోజులు అలా ఉంది, ఎందుకంటే ఒకటో పేరు నుంచి వరుసగా రావాలి కదా. రోజుకి ఎనిమిది పేర్లు. నాలుగో రోజు సాయంత్రానికి ముప్పై ఒకటోది వచ్చింది. అదే డబ్బా, అదే బ్రష్షు. అందరికీ పట్టిన టైమే పట్టాలని గడియారం పక్కన పెట్టుకున్నాను.

పలక పూర్తయ్యాక సూపరింటెండెంటుగారు చూసి "ఒకటే లాగున్నాయి" అన్నారు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. ఒకేలా లేవు. ముప్పై ఒకటోది బాగా వచ్చింది. అంచులు తిన్నగా ఉన్నాయి, ఎక్కడా రంగు చిమ్మలేదు. ముప్పై రెండోదాంట్లో రెండుచోట్ల గీత దాటింది. నేనేమీ కావాలని చేయలేదు. వాడి దగ్గరికొచ్చేసరికి చేయి దానంతటదే నెమ్మదించింది, వాడు దాటగానే అలసిపోయింది.

అప్పుడు మిగతా పలకలు కూడా తిరిగి చూసుకున్నాను. పద్నాలుగేళ్ళుగా బాగానే చేస్తున్నాననుకున్నవి. గీత దాటినవి ఎన్నో ఉన్నాయి. వాళ్ళకీ తల్లులున్నారు. నాకు వాడొక్కడే మనిషి, మిగతావాళ్ళు పని. అలాంటి మనిషి ఆ గోడ దగ్గర ఉండకూడదు. తొమ్మిదో పలక మాత్రం వేరేవాళ్ళకిచ్చి మిగతావి చేయమన్నారు ఆయన. నాకు మనసొప్పలేదు.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, నెలకోసారి వాడి దగ్గరికి దొంగలా వెళ్ళొచ్చేదాన్నని నీకు తెలియడం ఇష్టం లేక. అది నాకూ వాడికీ మధ్య ఉన్న ఒకే ఒక్క సంగతి. అందులో నీకు వాటా లేదని నాకు సంతోషంగా ఉండేది.

చెల్లి

ఏప్రిల్ 21

చెల్లికి,

చింపలేదు.

నువ్వు నూట ఎనిమిది సార్లు వెళ్ళావు. నేను తొమ్మిది సార్లు. నీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది ఆ అంకె. మిగతాది తర్వాత చదివాను.

ఇంకో సంగతి. ఏటా నేను గోడ దగ్గరికి రాగానే, అంత గోడలో వాడి పేరు ఒక్కటే కంటికి తగిలేది. వెతుక్కోవాల్సిన పనే ఉండేది కాదు. కన్నతల్లిని కాబట్టి నా కంటికి అలా కనిపిస్తోందనుకున్నాను. మీ బావకీ చెప్పాను, ఇంటికొచ్చి చుట్టుపక్కల వాళ్ళకీ చెప్పాను. అది నీ రంగన్నమాట. తొమ్మిదేళ్ళు నేను గొప్పగా చెప్పుకున్నది నీ రంగు గురించి. దానికి నిన్ను క్షమించడం కుదరదు, ఇప్పట్లో కుదరదు.

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను. నిరుడు సీసా ఇచ్చింది నువ్వని నాకు తెలుసు. నీ చేతి మీద నల్లరంగు మచ్చలు చూశాను. ఇవి వాడి పేరు దిద్దిన చేతులు అనుకున్నాను. తలెత్తితే నీ మొహం చూడాలి. అందుకే అండీ అన్నాను. కావాలనే అన్నాను.

టీచరమ్మ ఫోన్ పెట్టేశాక నాకు కోపం వచ్చినట్టు రాశాను. కోపం రెండోది. మొదట వచ్చింది సంతోషం. హమ్మయ్య, ఇక ఇదీ నాలాగే దూరమైంది అనుకున్నాను. ఒక అర నిమిషం ఉంటుందేమో. అర నిమిషమైనా అది నాదే.

నిన్న టీచరమ్మకి నేనే ఫోన్ చేశాను. నీ మీద ఫిర్యాదు చేసుకున్నది నువ్వేనని, ఆవిడ వల్ల కాదని చెప్పాను. ఆవిడ మొత్తం విన్నది. తర్వాత, "మీ ఇద్దర్నీ చూస్తే నాకు అసూయగా ఉందండీ. మావాడి కోసం రూలు తప్పేవాళ్ళు ఒక్కరూ లేరు" అంది.  చొక్కాలు కుట్టాలని ఫోన్ పెట్టేశాను.

గీత దాటిన ఆ రెండు చోట్లూ సరిచేశావా, వదిలేసి వచ్చావా?

అక్క

మే 14

అక్కకు,

సరిచేశాను. ముప్పై రెండోది ఆఖరి వారంలో మళ్ళీ చేశాను. మిగతా పలకల్లో గీత దాటినవన్నీ ఒక కాగితం మీద రాసి, కొత్తగా వచ్చినాయనకి ఇచ్చాను. ఆయన ఇదివరకు బస్సుల మీద నంబర్లు రాసేవాడు. చేయి స్థిరంగా ఉంది. గోడ మీద ఆయనవాళ్ళెవరూ లేరని అడిగి తెలుసుకున్నాను.

ఇక్కడ బోర్డుల పని వేగం. "ఇక్కడ వాహనాలు నిలపరాదు" అని రోజుకి పన్నెండు. మొదటి వారం ఒక్కో దానికి పూట పట్టేది. యజమాని వచ్చి చూసి, "ఏమ్మా, దీని ముందు ఎవరైనా పూలు పెడతారా ఏంటి?" అన్నాడు. ఇప్పుడు అలవాటైంది. నా గీతలు ఎక్కడ దాటినా ఎవరూ నిలబడి చూడరు. దానికి సుఖంగా ఉందో, బాధగా ఉందో ఇంకా తేలలేదు.

పోయిన ఆదివారం గోడ దగ్గరికి వెళ్ళాను, పాసు లేని మామూలు సందర్శకురాలిగా. పద్నాలుగేళ్ళు నాతో టీ తాగిన వాచ్‌మన్ బ్యాగు తెరిపించి చూశాడు. "ఏమనుకోకండి మేడం, రూలు" అన్నాడు. మేడం! నీ అండీ గుర్తొచ్చింది. గొలుసు దాటనివ్వలేదు. గొలుసు దాటాలంటే తల్లీ తండ్రీ భార్యా పిల్లలూ అయ్యుండాలి. నేను ఆ నాలుగింట్లో దేన్లోనూ లేను. ఎనిమిది అడుగుల దూరం నుంచి చూశాను. వరుసలు లెక్కపెట్టుకుంటే తప్ప వాడు దొరకలేదు. తప్పు వరుసని చూస్తూ ఐదు నిమిషాలు నిలబడ్డానని తర్వాత తెలిసింది.

ఇప్పుడు నాకంటే నువ్వే దగ్గర అక్కా. ఇది నీకు సంతోషమైతే సంతోషించు, నేనేమీ అనుకోను. కాదు, అనుకుంటాను. కానీ సంతోషించు.

స్మారక దినానికి నన్ను పిలవమని అడగడానికి ఈ ఉత్తరం రాయలేదు. సిబ్బంది తప్ప మిగతావాళ్ళకి కుటుంబం పాసు కావాలని నీకు తెలుసు.

బావగారికి నా నమస్కారం చెప్పు.

చెల్లి

మే 27

చెల్లికి,

అడగడానికి రాయలేదని రాశావంటే అడిగావనే అర్థం. నిన్ను చిన్నప్పటినుంచి చూస్తున్నాను.

పాసుల ఫారం వచ్చింది. కుటుంబానికి రెండు కుర్చీలు. ఏటా ఒకటి నాది, ఒకటి మీ బావది. ఈసారి ఆయన ఫారం నా ముందు పెట్టి, "రెండో గడి నువ్వే నింపు" అన్నాడు. "మరి నువ్వు?" అన్నాను. "వంతెనల మీద ముప్పై ఏళ్ళు నిలబడ్డాను, గేటు బయట ఒక గంట నిలబడలేనా? నా వంతు వచ్చే ఏడు" అన్నాడు. ఆయన అంత తేలిగ్గా ఇచ్చేయడం చూసి నాకు ఒళ్ళు మండింది. నాకెందుకు రాదు అంత తేలిగ్గా?

ఫారం మూడు రోజులు మిషను మీదే ఉంది. నాలుగో రోజు నీ పేరు రాశాను. పక్కన సంబంధం రాయడానికి గడి ఉంది. తల్లి, తండ్రి, భార్య, సంతానం, వీటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. నీకు టిక్కు పెట్టడానికి చోటు లేదు. మొదటిదాని మీద పెన్ను ఆనించాను. చేయి రాలేదు. రాలేదని నీకు చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. కింద తెల్లగా ఉన్నచోట రాశాను: "పిన్ని. తొమ్మిదో ఏట నుంచి పదిహేడో ఏట దాకా పెంచింది."

మొన్న ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో కొత్త క్లర్కు. "ఫారంలో పిన్ని అనే గడి లేదండీ, ఏం చేయమంటారు?" అన్నాడు. "గడి మీరు గీసుకోండి, స్కేలు లేకపోతే పంపిస్తాను" అన్నాను. సూపరింటెండెంటుగారు ఫోన్ తీసుకున్నారు. నీ పేరు విని, సరేనండీ పాసు పంపిస్తాం అన్నారు. ఇంకేమీ అడగలేదు. పాసు దీంతో జత చేశాను.

ఇప్పుడు విను. గోడ దగ్గర మనకిచ్చేది పది నిమిషాలు. మొదటి ఐదూ నావి. నువ్వు వెనక నిలబడు, అక్షరాల గురించి ఒక్క ముక్క మాట్లాడకు. తర్వాతి ఐదూ నీవి. నేను పక్కకి జరిగి నిలబడతాను. వాడితో నువ్వేం చెప్పుకుంటావో వినను.

చూడనని మాత్రం మాట ఇవ్వలేను.

అక్క